పాదాల చీటీ

"నోట్‌బుక్కు అడిగితే గ్లాసులు తుడుస్తావేంటి వదినా?"

"తుడవకపోతే సాయంత్రం వచ్చేవాళ్ళు దోసిళ్ళతో తాగుతారా? టీ పెట్టాను, ముందు అది తాగు. పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా?"

"నేనడిగింది టీ కాదు."

"తెలుసు. చల్లారిపోతుందని చెబుతున్నా."

ప్రేమికుల రోజు మర్నాడు, ఉదయం పది దాటింది. కుర్చీలన్నీ బల్లల మీద బోర్లా ఎక్కి ఉన్నాయి. నిన్న సాయంత్రం ఆ పబ్బులో క్విజ్ నడిపిన టీచరమ్మ గోడల మీది ఎర్రకాగితం గుండెలను ఒక్కొక్కటే పీకుతోంది. కౌంటరు వెనక ఆమె ఆడపడుచు, భర్తకు అక్క, ఆ పబ్బు వంటిల్లు చూసుకునే మనిషి, తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తోంది. ఇంకెవరూ లేరు.

"పన్నెండింటికి ఓనరు వస్తాడు వదినా. నలభయ్యో నంబరు చీటీ ఎవరిదో నేను చెప్పాలి. జంటలు పేరు లేకుండా రాసిచ్చిన వాటిల్లో ఎక్కువ చప్పట్లు పడిన చీటీకి సముద్రం ఒడ్డున హోటల్లో రెండు రోజులు, ఇద్దరికీ, అని మైకులో మాటిచ్చాను. చప్పట్లు దానికే పడ్డాయి. మనిషి మాత్రం లేవలేదు. ఏ నంబరు ఏ బల్లకి ఇచ్చావో నీ నోట్‌బుక్కులోనే ఉంటుంది."

"సిగ్గుపడి ఉంటారు. 'మనసులో మాట' అని రౌండుకి పేరు పెట్టి, దాన్ని మైకులో చదివితే ఎవరు లేస్తారు?"

"మిగతా వాళ్ళంతా లేచారుగా. పళ్ళ డాక్టరైతే వాళ్ళావిడ రాసింది చదవగానే లేచి నాలుగు దిక్కులా దండం పెట్టాడు."

"ఆయన మూడో గ్లాసు దగ్గర్నుంచీ పెడుతూనే ఉన్నాడు."

"వదినా."

"సరే, సరే. క్విజ్ మాత్రం బాగా నడిపావే. గుండెకి ఎన్ని గదులు అని నువ్వు అడిగితే ఆ లారీ డ్రైవరూ వాళ్ళావిడా ఏం రాశారు? నాలుగు, అందులో ఒకటి అద్దెకిచ్చాం అని. నువ్వేమో దానికి అర మార్కు ఎక్కువ వేశావు."

"నవ్వించకు. ఇవాళ నాకు నవ్వు రాదు."

"రాత్రి నిద్ర లేదు, అందుకు. ఇంటికెళ్ళి కాసేపు పడుకో. ఈ గుండెలు నేను పీకుతాను."

"పాదాల చీటీ చదివినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"వంటింట్లో."

"లేదు. ఆ తలుపు దగ్గర ఉన్నావు. ట్రే పట్టుకుని."

"అయితే ఉన్నానేమో. నిన్న నా కాళ్ళు ఎక్కడ తిరిగాయో నాకే తెలీదు."

"నా గొంతు మధ్యలో ఆగింది. విన్నావా?"

"మైకు ఆగిందనుకున్నా. అది మొదటి నుంచీ గరగరలాడుతూనే ఉందిగా."

"మైకు బాగానే ఉంది. మీ తమ్ముడు అరగంట వైర్ల కింద దూరి బాగుచేశాడుగా. ఆ అరగంటే నా కొంప ముంచింది. ఎప్పుడూ నేను ఆ చీటీలన్నీ స్టోర్‌రూములో కూర్చుని ముందే చదువుకుంటాను. పిచ్చి రాతలుంటే ఏరి పక్కన పడేస్తాను. నిన్న మైకు పట్టుకుని ఒకటి రెండు మూడు అంటూ నిలబడటంతోనే సరిపోయింది. పెట్టెలో చెయ్యి పెట్టి, తీసింది తీసినట్టు చదివేశాను."

"చదివితే ఏమైంది? మంచి మాటేగా అది."

"ఏమని ఉందో చెప్పు చూద్దాం."

"నాకేం గుర్తు."

"హాలు మొత్తానికీ గుర్తుంది, నీకు లేదా? అయితే విను. 'చలికాలంలో ఆయన ముందే వచ్చి నా వైపు పడుకుంటాడు. పనులన్నీ ముగించుకుని నేను వచ్చేసరికి అటు జరిగి, పక్క వెచ్చబెట్టాను, పాదాలు మాత్రం నీవి నువ్వే చూసుకో అంటాడు.' అంతే. రెండు ముక్కలు. అందరూ ఒక్కసారి 'అబ్బా' అన్నారు. బల్లలు చరిచారు. నేనూ నవ్వాను వదినా, పళ్ళన్నీ కనబడేలా. ఆ నవ్వు ఆపితే ఏం బయటికొస్తుందో నాకు తెలుసు."

"నవ్వే మాటే కదే."

"అది మా ఇంటి మాట. నా పాదాలు ఐసుగడ్డలు. పెళ్ళయిన మొదటి చలికాలం నుంచీ ఆయన అలాగే అంటాడు. పదకొండేళ్ళు. మా అమ్మకి కూడా చెప్పలేదు నేను. చెబితే ఎక్కడ అరిగిపోతుందోనని. అలాంటిది, పేరు లేని చీటీలో ఎవరో రాస్తే, నా చేత్తో నేనే విప్పి, నా నోటితో నేనే చదివాను."

"లోకంలో చలి నీ ఒక్కదానికేనా? ఎంతమంది మొగుళ్ళు పక్క వెచ్చబెట్టరు?"

"వెచ్చబెడతారు. పాదాల మాట కూడా అందరూ అంటారా? అక్షరం పొల్లు పోకుండా?"

"వాడే ఎక్కడో నవ్వులాటకి అని ఉంటాడు. లిఫ్టులు బాగుచేసే వాళ్ళ షెడ్డులో నలుగురు మగాళ్ళు కూర్చుంటే ఏం మాట్లాడుకుంటారు? వాళ్ళలో ఎవడో విని, ఇంటికి మోసుకెళ్ళి పెళ్ళాం దగ్గర వాడుకున్నాడు. మాటకేం, ఎక్కడికి పట్టుకెళితే అక్కడికి వస్తుంది."

"రాత్రంతా నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను. ఇంటికెళ్ళాక మీ తమ్ముణ్ణి అడిగాను. ఆ చీటీ విన్నారా అని. విన్నానన్నాడు. మన మాటలా లేదూ అన్నాను. ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"పొద్దున్న ఆరో అంతస్తులో లిఫ్టు ఇరుక్కున్న చోటికి వెళ్ళాలి, లైటు ఆర్పు అన్నాడు."

"అలిసిపోయి ఉంటాడు పాపం."

"చీటీ చదివేటప్పుడు ఆయన స్పీకరు పక్కనే ఉన్నాడు వదినా. అందరూ నా వంక చూసి నవ్వుతున్నారు. ఆయనొక్కడే తేలు కుట్టిన దొంగలా వంగి, అక్కడున్న వైరుని చుట్ట చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు. రాత్రి తన వైపు తను పడుకుని గోడకి తిరిగాడు. నా పక్క చల్లగా ఉంది. ఆయన ఇంట్లో ఉండగా, పదకొండేళ్ళలో మొదటిసారి."

"టీ చల్లారిపోయింది. ఇంకోటి పెట్టనా?"

"నోట్‌బుక్కు ఇవ్వు."

"తడిసిపోయిందే. నిన్న ఎవరో దాని మీద బీరు ఒలకబోశారు. సిరా అంతా పాకిపోయింది. పనికిరాదని పారేశాను."

"నువ్వు రాసేది పెన్సిలుతో కదా. చెవి మీద పెట్టుకు తిరుగుతావు, ఇప్పుడు కూడా ఉంది."

"పెన్సిలైనా చెరుగుతుంది."

"ఎందుకు వదినా ఇలా నీళ్ళు నములుతావు? నేనేమన్నా వెళ్ళి ఆ మనిషి జుట్టు పట్టుకుంటానా? ఆవిడ ఎవరో తెలియాలి. ఆ మాట ఆవిడకి ఎలా వెళ్ళిందో తెలియాలి. మొగుడు షెడ్డులో విని చెప్పాడా, ఇంకెక్కడన్నా విందా. అంతే. అది తెలిస్తే నేను రాత్రికి నిద్రపోతానో పోనో తేలుతుంది."

"తెలిసినంత మాత్రాన నిద్ర పడుతుందని ఎవరు చెప్పారు నీకు?"

వీధి తలుపు తోసుకుని పబ్బు ఓనరు వచ్చాడు. చంకలో ఖాళీ ఫోటో ఫ్రేము ఉంది.

"దొరికారా టీచరమ్మా, మన నలభయ్యో నంబరు?"

"ఇంకా లేదండీ. పన్నెండన్నారుగా."

"పన్నెండే. తొందరేం లేదు. దారిలో ఫ్రేము కనిపిస్తే కొనేశాను. ఇదిగో, కౌంటరు పైన, గడియారం పక్కన కొట్టిస్తాను వాళ్ళ ఫోటో. చూసి కొత్తవాళ్ళు కూడా వస్తారు. కానీ ఆ చీటీ నా కొంపలో నిప్పు పెట్టిందమ్మా."

"ఏమైంది?"

"ఇంటికెళ్ళగానే మా ఆవిడ కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది. నువ్వెళ్ళి వెచ్చబెట్టు, నేను తర్వాత వస్తాను అంది. ముప్పై ఏళ్ళ కాపురంలో నేను ముందెళ్ళి పడుకోవడం అదే మొదలు. వెచ్చబెట్టీ వెచ్చబెట్టీ గురక పెట్టేశాను. తెల్లారి చూస్తే ఆవిడ సోఫాలో ఉంది. అప్పట్నుంచీ మాటల్లేవు."

"అయితే ఇవాళ ముందుగా వెళ్ళి సోఫా వెచ్చబెట్టండి," అంది కౌంటరు వెనక నుంచి ఆడపడుచు.

"నీకు నవ్వులాటగా ఉందమ్మా. నవ్వు, నవ్వు. అన్నట్టు టీచరమ్మా, మీవారికి ఆ చీటీ నచ్చలేదా ఏంటి?"

"ఎందుకండీ అలా అడిగారు?"

"పొద్దున్నే ఫోను చేశాడు. ఏడు కూడా కాలేదు. ఆ నలభయ్యో నంబరు ఎవరో ఆకతాయి పని, మనిషి దొరకలేదని చెప్పి రెండో చీటీకి ఇచ్చేయండి బహుమతి, అన్నాడు. సరే ఆలోచిద్దాం అన్నాను. పెట్టేసే ముందు, నేను ఫోను చేసినట్టు మా ఆవిడకి చెప్పకండి అని కూడా అన్నాడు. అయ్యో."

"ఫర్వాలేదండీ."

"నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ ఊరికే అనదు. మీరు విననట్టే ఉండండి. ఆయన మనసులో ఏముందో, మీరు అలిసిపోయారని కాబోలు. నేను కేకుల కొట్టు దాకా వెళ్ళొస్తాను, ఏదో ఒకటి చేతిలో లేకుండా ఇంటికెళ్ళే మొహం లేదు. పన్నెండింటికి ఒక్క పేరు చెప్పండి నాకు, చాలు. తలుపు దగ్గరగా వేస్తున్నా, చలి."

ఓనరు వెళ్ళిపోయాడు.

"విన్నావా వదినా?"

"విన్నాను."

"నాకు చెప్పకండి అన్నాట్ట."

"విన్నానంటున్నాగా."

"ఆరున్నరకి నా ఎదురుగా కూర్చుని టీ తాగాడు. చక్కెర ఎక్కువైందన్నాడు. తర్వాత బండి తీయడానికి కిందికి వెళ్ళాడు. అప్పుడు చేసుంటాడు ఆ ఫోను. షెడ్డులో ఎవడో విని వాడుకున్న మాటైతే, ఆకతాయి పని అయితే, దాన్ని కప్పెట్టడానికి ఈయనకెందుకంత తొందర?"

"నన్నడిగితే నేనేం చెప్పను?"

"ఇంకేం అడగను. నోట్‌బుక్కు కూడా అక్కర్లేదు. చీటీల పెట్టె నా దగ్గరే ఉంది, ఇదిగో. రాత్రి నిద్రపట్టక మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను. నిన్న ఎన్ని బల్లలు వేశాం?"

"పదహారు."

"ఏ బల్లకైనా రెండు చీటీలు ఇచ్చావా?"

"లేదు. జంటకి ఒకటే కదా. నేనే కత్తిరించి, నంబర్లేసి, నా చేత్తో పంచాను. వరసగా వేస్తే ఏ బల్లదో నువ్వు కనిపెట్టేస్తావని ఏడు, ముప్పై, యాభై అంటూ గజిబిజిగా వేశాను. అదీ నువ్వు చెప్పిందే."

"ఎవరైనా రాయకుండా తెల్ల చీటీ వేశారా?"

"లేదు. అందరూ రాశారు."

"అయితే పదహారు ఉండాలి. పెట్టెలో పదిహేడున్నాయి."

"తప్పు లెక్కపెట్టి ఉంటావు."

"ఆరుసార్లు లెక్కపెట్టాను. చీటీలు కత్తిరించింది నువ్వు. నంబర్లు వేసింది నువ్వు. పెట్టె మూత మీద చెయ్యేసుకుని కూర్చుంది నువ్వు. ఏ బల్లా రాయని చీటీ అందులోకి ఎలా వచ్చింది? చెప్పండి వదినగారూ."

"చెప్పండి ఏంటే? నన్ను మీరు అంటున్నావా?"

"చెప్పండి."

"అలా అనకే. కాపురానికి వచ్చిన కొత్తలో రెండు నెలలు అన్నావు. నేనే మాన్పించాను, అక్కలా నువ్వు అనమని."

"అప్పుడు కొత్తవారు కాబట్టి అన్నాను. ఇప్పుడు మళ్ళీ కొత్తగా కనిపిస్తున్నారు."

"నేనే రాశాను."

"వినబడలేదు."

"ఆ చీటీ నేనే రాశానే. ఎడం చేత్తో, వంటింట్లో, పిండి డబ్బా మీద పెట్టుకుని."

"ఆ మాట మీకెలా తెలుసు?"

"విన్నాను."

"ఎక్కడ?"

"మా ఇంట్లో. నా తల మీద."

"తల మీదేంటి?"

"పైవాటా. మా ఇంటిది చెక్క సీలింగు కదా. పైన గ్లాసు పెడితే కింద నాకు వినబడుతుంది. ఇంకా మాటలు వినబడవా?"

"పైవాటాలో ఉండేది కుట్టుమిషను ఆవిడ."

"ఊఁ."

"నైట్‌డ్యూటీ రోజుల్లో మీ తమ్ముడు మీ ఇంట్లో పడుకుంటాడు. షెడ్డుకి దగ్గరని. ముందుగదిలో, మీ ఆయన మంచం మీద."

"మంచం వేస్తాను. దుప్పటి మడత విప్పకుండానే తెల్లారుతుంది."

"నిన్న నేను వేసుకున్న ఎర్ర డ్రెస్సు."

"దాని గొడవ ఎందుకు ఇప్పుడు?"

"ఆవిడే కుట్టింది. మీరే తీసుకెళ్ళారు, బాగా కుడుతుందని. నా భుజాలు కొలిచింది, నడుము కొలిచింది. టేపు చల్లగా ఉందా అమ్మా అని అడిగింది. ఎంత మంచావిడ అనుకున్నాను."

"చెడ్డది కాదు."

"వదినగారూ."

"కాదనే చెబుతున్నా. అదే నా ఏడుపు. చెడ్డదైతే చెయ్యి పట్టుకుని మెట్లు దించేదాన్ని. నేను గుమ్మంలో కనబడితే తల వంచుకుని పోతుంది. ఒక్క మాట ఎదురాడదు. నా మోకాలు నొప్పికి రాత్రిళ్ళు కాపడం పెట్టింది కూడా ఆవిడే."

"మీకు కాపడం. ఆయనకి పక్క. నాకు డ్రెస్సు. అందరికీ సరిపోయింది. నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టు వేయించుకున్నాడు. నాకు తెలిసిపోయిందని వాడికి తెలిసిన రోజునే. దేవుడి దీపం ముందు నా చెయ్యి పట్టుకుని, నోరు తెరిచి నీకు చెప్పనని."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టొచ్చుగా."

"అనడానికి తేలిక. ఆ దీపం పెట్టకుండా నేను మంచినీళ్ళు ముట్టనని నీకు తెలుసు. మీ అన్నయ్య పోయాక నాకు మిగిలింది ఆ దీపం, నా తమ్ముడు. ఆ రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒట్టు అడిగాడు. నన్నేం చెయ్యమంటావు? రోజూ దీపం ముందు కూర్చుని అడిగేదాన్ని. తండ్రీ, నీ పేరు చెప్పి తప్పుని దాస్తుంటే, ఆ ఒట్టు నిలబెట్టినా పాపమే, తప్పినా పాపమే, ఏది చిన్నది అని. ఆయన పలకడు కదా."

"దేవుడికి చెవులున్నాయి. మీకూ ఉన్నాయి. ఇద్దరూ విని ఊరుకున్నారు."

"ఊరుకోలేకే రాశాను. నోటితో చెప్పననే ఒట్టు. చేత్తో రాయనని వేయలేదు. ఎప్పటిలా స్టోర్‌రూములో తలుపేసుకుని చదువుకుంటావనుకున్నా. మీ ఇంట్లో పడుకున్న రోజుల్లో వాడు నీతోనూ అదే అనడం విన్నాను, ఆ మాట చూడగానే నీకు తెలిసిపోతుంది. ఒక్కదానివే ఏడుస్తావు. మొహం కడుక్కుంటావు. ఆ చీటీ పక్కన పడేసి క్విజ్ నడిపిస్తావు. ఇంటికెళ్ళాక వాణ్ణి నిలదీస్తావు. మైకు పాడవుతుందని కలగన్నానా? నువ్వు చూడకుండానే అందరి ముందు ఆ కాగితం విప్పుతుంటే పరిగెత్తుకొచ్చి లాక్కుందామనుకున్నా. చేతిలో ట్రే దించేలోపే చదివేశావు."

"మరి పొద్దున్నుంచీ ఈ గ్లాసులేంటి? బీరు ఒలకడమేంటి?"

"నీ మొహం చూశాక, నాకు తెలుసని నీకు తెలిస్తే నన్ను కూడా వదిలేస్తావని భయం వేసింది. వాడు రాకపోయినా బతుకుతాను. నువ్వు రాకపోతే ఆ ఇంటి మెట్టు ఎక్కేవాళ్ళే లేరు నాకు. ఇప్పుడు నోరు తెరిపించావు. ఒట్టూ తప్పింది. సాయంత్రం ఏ మొహంతో దీపం పెడతానో."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆవిడ మళ్ళీ వచ్చి ఏడాదైంది."

"మళ్ళీ ఏంటి?"

"అదే, వచ్చి."

"మళ్ళీ అన్నారు."

"మాట తొట్రుపడింది. వయసు మీద పడటంలా."

"ఏడాది. వారానికి రెండు నైట్‌డ్యూటీలు. ఆ రెండు రోజులూ క్యారేజీ సర్ది పంపేదాన్ని. మీరు ఒంటరిగా ఉంటే సరిగ్గా వండుకోరని ఇద్దరికీ సరిపడా పెట్టేదాన్ని. అది ఎవరు తినేవారు?"

"నేనూ తిన్నాను."

"మీరూ."

"ముగ్గురం తిన్నాం."

"కంచే చేను మేసిందని అంటుంటే వినేదాన్ని. నేను కంచెకి క్యారేజీ కట్టి మరీ పంపాను."

"కొట్టవే నన్ను. నాలుగు కొట్టు. ఆ 'మీరు' మాత్రం మానెయ్యి."

"మిమ్మల్ని కొట్టి ఏం లాభం. నాకు ఒక్కటి అర్థం కావడం లేదు. మగాడు దారి తప్పాడు, సరే, తప్పాడు. ఏడుస్తాను, దుమ్మెత్తి పోస్తాను, ఉంటానో పోతానో తేల్చుకుంటాను. కానీ ఆ మాట ఎందుకిచ్చాడు ఆవిడకి? ఇంకో మాట దొరకలేదా? ఇన్ని లిఫ్టులు బాగుచేసే మనిషికి ఇంకో రెండు ముక్కలు కల్పించుకునే తెలివి లేదా? మా బీరువాలోంచి చీర తీసుకెళ్ళి ఇచ్చినా నాకింత ఇదిగా ఉండేది కాదు."

"ఊరుకో. ఊరుకోమ్మా."

"ఊరుకుంటాను. టైమెంతైంది?"

"పన్నెండుకి పది తక్కువ. ఏం చేస్తావు ఇప్పుడు?"

"ఓనరు అడిగింది చేస్తాను. పేరు చెబుతాను."

"నా పేరా?"

"మీ పేరెందుకు? నా పేరు."

"నీ పేరా?"

"చీటీ ఎవరు రాస్తేనేం, మాట నాది. ఓనరు ముందు చెబుతాను, సాయంత్రం వచ్చే జనం ముందు అదే మైకులో చెబుతాను. మీరంతా చప్పట్లు కొట్టింది నా మాటకి అని. బహుమతి తీసుకుని ఒక్కదాన్నే వెళ్తాను సముద్రానికి. మంచానికి రెండు వైపులా నేనే పడుకుంటాను. ఆ ఫ్రేములో నా ఒక్కదాని ఫోటో పెట్టమంటాను. మీ తమ్ముడు వైర్లు సర్దడానికి వచ్చినప్పుడల్లా తల ఎత్తి చూస్తాడు."

"వద్దమ్మాయ్."

"పరువు పోతుందనా?"

"పరువు కాదు."

"ఆవిడ బాధపడుతుందనా?"

"కాదే. నువ్వు వాణ్ణి ఇంట్లోంచి పంపెయ్, నేనొచ్చి సామాను సర్దుతాను. నన్ను గుమ్మం తొక్కొద్దను, తొక్కను. నలుగురి ముందూ నిలబడి ఆ మాట నాదని మాత్రం అనకు."

"ఎందుకనకూడదు? మనిషిని తీసుకోమనండి. క్యారేజీ తిన్నారు, అరిగించుకోమనండి. డ్రెస్సు కూడా పంపేస్తాను. ఆ ఒక్క మాట మాత్రం నాది. అది పుట్టింది నా పక్కలో, నా పాదాల కోసం. ఆవిడకి చేరింది నా ఎంగిలి. కనీసం అదైనా నాకు మిగలాలి కదా. ఓనరు వస్తున్నాడు, అదిగో, కేకు పెట్టె పట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. జరగండి."

"ఒక్క నిమిషం ఆగు. నా వంక చూడు. ఏడాది దాచి నిన్ను మైకు ముందు నిలబెట్టాను. ఇది కూడా దాచి రెండోసారి నిలబెట్టలేను."

"ఇంకా ఏం దాచారు?"

"ఆవిడ మళ్ళీ వచ్చిందన్నాను చూడు. అప్పుడు నా మాట తొట్రుపడలేదు."

"అంటే?"

"ఆ సీలింగు కింద కూర్చుని, పాదాలు నీవి నువ్వే చూసుకో అని వాడు ఆవిడతో అనడం నేను మొదటిసారి విన్నది, మీ పెళ్ళికి రెండు చలికాలాల ముందు."